కైలాసగిరి రెండుసార్లు కనిపిస్తే: ఫైలు పేర్ల తంటాలు తీర్చుకోవడం ఎలా

విశాఖ ద్వారకానగర్‌లో ఫొటో స్టూడియో నడిపే పెద్దాయన ఒకరు పొద్దున్నే ఫోన్ చేశారు. "ఏటి బాబూ ఇది, కైలాసగిరి రెండుసార్లు కనబడతంది. ఒకదాంట్లో ఫొటోలున్నాయి, ఇంకోటి ఖాళీ. ఏది చెరిపేయాలో తెలీక కూర్చున్నాను" అన్నారు. వైరస్ పట్టిందని ఆయన టెన్షన్. వెళ్లి చూస్తే పెళ్లికి ముందు తీసే షూటింగుల ఫోల్డర్లు వరుసగా ఉన్నాయి: భీమిలి, యారాడ, రుషికొండ, కైలాసగిరి, కైలాసగిరి. మిగతావన్నీ ఒక్కొక్కటే, ఇది మాత్రం జంట.

ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండవు. అక్కడా లేవు. మన కంటికి ఒకేలా ఉన్న ఆ రెండు పేర్లూ కంప్యూటర్‌కు వేర్వేరు. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందుగా, ఏ ఫైలు మొరాయించినా మీరు వరుసగా ఏం చేయాలో చూద్దాం.

తప్పు ఫైలుదా, పేరుదా?

అప్‌లోడ్ ఆగిపోతే ముందు నెట్‌ను తిడతాం, తర్వాత సాఫ్ట్‌వేర్‌ను తిడతాం. పేరు మీద అనుమానం ఎక్కడో చివర్లో వస్తుంది. కానీ పేరును పరీక్షించడం అర నిమిషం పని, కాబట్టి అదే ముందు చేయండి.

అసలు ఫైలును ముట్టుకోవద్దు. దానికి ఒక కాపీ తీయండి. సి డ్రైవ్‌లో నేరుగా "1" అనే ఫోల్డర్ పెట్టి, కాపీని అందులో వేసి, దాని పేరు కూడా "1" అని మార్చండి. చుక్క తర్వాత ఉండే పీడీఎఫ్, జేపీజీ లాంటి తోక మాత్రం ఉండాలి. ఇప్పుడు మళ్లీ తెరవండి, లేదా అప్‌లోడ్ చేయండి. పని జరిగిందా, దోషి పేరే. జరగలేదా, ఫైలే పాడై ఉండొచ్చు, లేదా సైజు ఎక్కువై ఉండొచ్చు. అలాంటప్పుడు పేరుతో కుస్తీ పట్టి లాభం లేదు.

కొత్త ఫోల్డర్ ఎందుకంటే, తప్పు ఫైలు పేరులో కాక పై ఫోల్డర్ పేరులో ఉండొచ్చు. లేదా మొత్తం దారి పొడవు మించిపోయి ఉండొచ్చు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఇప్పటికీ డ్రైవ్ అక్షరం మొదలుకొని తోక దాకా 260 అక్షరాలకే ఆగిపోతాయి. "పెళ్లిళ్లు 2024" లోపల వధూవరుల పేర్లు, అందులో "రిసెప్షన్", అందులో "ఎడిట్ చేసినవి", అందులో "ఫైనల్", అందులో "ఫైనల్ ఫైనల్" అని పెట్టుకుంటూ పోతే ఆ హద్దు ఎంతో దూరంలో ఉండదు.

పేరే దోషి అని తేలాక, కాపీకి పాత పేరులో సగం మాత్రం పెట్టి చూడండి. పని చేస్తే గొడవ మిగతా సగంలో ఉంది. ఇలా మూడు నాలుగు సార్లలో ఆ ఒక్క గుర్తు దగ్గరికి చేరిపోతారు.

కంటికి కనిపించే దోషులు

విండోస్ ఫైలు పేరులో తొమ్మిది గుర్తులకు చోటు లేదు: \ / : * ? " < > |. పేరు మార్చేటప్పుడు వీటిలో ఏది కొట్టినా అక్కడికక్కడే ఒప్పుకోదు, కాబట్టి విండోస్‌లో పుట్టిన ఫైలుతో ఈ చిక్కు రాదు. చిక్కంతా బయటి నుంచి వచ్చే ఫైళ్లతోనే. విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌కు అభ్యంతరం రెండిటి మీదే: ఒకటి /, ఇంకొకటి సున్నా విలువ ఉన్న బైటు. మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్ / కూడా పెట్టనిస్తుంది. గూగుల్ డ్రైవ్‌కూ పట్టింపు లేదు. అక్కడ హాయిగా బతికిన పేరు విండోస్‌కు వచ్చేసరికి చచ్చిపోతుంది, లేదా రూపం మారిపోతుంది.

ఇక్కడ మన తెలుగు రాత అలవాట్లు మన మీదికే వస్తాయి. శుభలేఖ చూసి ఫోల్డర్‌కు పేరు పెడితే "చి||ల||సౌ||" అంటాం. అందులో ఆరు నిలువు గీతలు, ఆరూ నిషిద్ధమే. "డా||", "కీ||శే||" కూడా అంతే. బిల్లుకు "రూ.500/-" అని పెడతాం. తేదీకి 12/05/2024 అని రాస్తాం. ఇంటి పత్రాలకు డోర్ నంబరే పేరుగా పెట్టేవాళ్లున్నారు, మన ఊళ్లో డోర్ నంబర్లలో గీతలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. తెలుగు, సంస్కృత పాఠాల్లో వాడే అసలైన ॥ గుర్తును విండోస్ ఒప్పుకుంటుంది గానీ, దాన్ని వెతికి కొట్టే ఓపిక ఉంటే ఆ ఓపికతో గుర్తునే వదిలేయొచ్చు. తేదీని 2024-05-12 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి. గీతల బాధ పోతుంది, ఫైళ్లు కూడా తేదీల వరుసలో వాటంతటవే నిలబడతాయి.

చివరి చుక్క సంగతి చాలామందికి తెలియదు. విండోస్ పేరు చివర ఉన్న చుక్కనూ ఖాళీనీ (స్పేస్) తీసేస్తుంది. లైనక్స్ మీద నడిచే నిల్వ పెట్టెలో (ఆఫీసు కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ ద్వారా వాడుకునే డిస్కుల పెట్టె) ఎవరో ఒక కంపెనీ ఫోల్డర్‌కు "ప్రై. లి." అని చివర చుక్కతో పేరు పెట్టారనుకోండి. విండోస్ నుంచి తెరవబోతే చుక్క లేని పేరు కోసం వెతికి, లేదు అంటుంది. చెరపడానికీ లొంగదు. ఇలాంటిదాన్ని విండోస్ నుంచి కుస్తీ పట్టకుండా, ఆ పెట్టె సొంత వెబ్ పేజీలోకి వెళ్లి పేరు మార్చడం తేలిక.

ఇక విండోస్ ఒప్పుకున్నా, దారిలో తంటా తెచ్చేవి కొన్ని.

# గుర్తు ఉన్న ఫైలును వెబ్‌సైట్‌లో పెడితే లింకు తెగుతుంది. వెబ్ చిరునామాలో # తర్వాత ఉన్నదాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపదు. "బిల్లు #12" కావాలని మీరు నొక్కితే సర్వర్‌కు వినిపించేది "బిల్లు" ఒక్కటే. % కూడా ఇంతే. చిరునామాలో % అంటే వెంట ఒక సంకేతం వస్తుందని అర్థం, "50% ఆఫర్" అనే పేరు చూసి సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. + గుర్తు కొన్నిచోట్ల ఖాళీగా మారిపోతుంది. & గుర్తును విండోస్ కమాండ్ కిటికీ ఒక ఆజ్ఞ ముగిసి ఇంకొకటి మొదలైనట్టు చదువుతుంది.

చదరపు బ్రాకెట్లు ఎక్సెల్‌కు పడవు. ఎక్సెల్ తన ఫార్ములాల్లో ఫైలు పేరును [ ] మధ్యే పెట్టుకుంటుంది. ఆ పేరులోనే మళ్లీ బ్రాకెట్లుంటే పివట్ టేబుల్ పెట్టబోయినప్పుడు డేటా సోర్స్ సరిగా లేదని మొండికేస్తుంది. అంకెల్లో తప్పెక్కడుందా అని గంట వెతుకుతారు, తప్పు పేరులో ఉంటుంది.

ఖాళీ విషయంలో నాది మధ్యేమార్గం. ఇంట్లో వాడుకునే ఫైళ్లకు ఖాళీలు పెట్టుకోండి, ఏం ఫర్వాలేదు. కానీ కమాండ్‌లో కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే ఒక పేరు రెండు పేర్లయి విడిపోతుంది. 2001లో యాపిల్ తెచ్చిన ఐట్యూన్స్ 2.0 ఇన్‌స్టాలర్‌లో సరిగ్గా ఈ తప్పే జరిగింది. డిస్కు పేరులో ఖాళీ ఉన్న కొందరి మ్యాక్‌లలో పాత ఐట్యూన్స్‌ను తీసేయమన్న ఆజ్ఞ డిస్కులోని సరుకును తుడిచేసింది. వెంటనే 2.0.1 తెచ్చారు. అంతపెద్ద సంస్థ తడబడింది కదా, మీ ఆఫీసులో ఎవరో రాసిన చిన్న స్క్రిప్టును మరీ నమ్మకండి. పేరు మొదట్లో - పెట్టడమూ ఇలాంటి ప్రమాదమే, లైనక్స్ దాన్ని పేరనుకోదు, ఆప్షన్ అనుకుంటుంది.

ఇంకొకటి, ఇంగ్లిష్‌లో కాన్, ఆక్స్, నల్, పీఆర్‌ఎన్ అనే పేర్లు విండోస్‌లో పెట్టలేరు. ఎంఎస్ డాస్ కాలంలో అవి కీబోర్డు, ప్రింటరు లాంటి పరికరాల పేర్లు, ఇప్పటికీ వాటిని వదల్లేదు. కన్‌స్ట్రక్షన్ అని పూర్తిగా రాయడానికి బద్ధకించి మొదటి మూడక్షరాలతో ఫోల్డర్ పెట్టబోయి బుర్ర గోక్కున్న ఇంజినీరు నాకు తెలుసు.

కంటికి కనిపించని దోషులు

ఇప్పుడు అసలు తెలుగు చిక్కులోకి వద్దాం. "స్టీల్‌ప్లాంట్" అని రాసేటప్పుడు ల్ పక్కన ప్లా విడిగా నిలబడాలంటే మధ్యలో కనిపించని గుర్తు ఒకటి కావాలి. అది లేకపోతే "స్టీల్ప్లాంట్" అని ముద్దగా అతుక్కుంటుంది. ఆ గుర్తును యూనికోడ్‌లో (ప్రపంచ లిపుల్లోని ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరిచ్చే పద్ధతి) జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, అంటే వెడల్పు లేని విడదీసే గుర్తు. దీని నంబరు 200సి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయని దేశమంతా గోలయింది గుర్తుందా? ఆ అక్షరంలోనూ ఈ గుర్తు ఉంది. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు.

మధ్యలో ఉన్నప్పుడు అది మన లిపికి అవసరం. గొడవంతా అది పదం చివర మిగిలిపోయినప్పుడే. కొన్ని టైపింగ్ పద్ధతుల్లో పొల్లుతో ముగిసే మాట తర్వాత అది ఊరికే చేరుతుంది. అప్పుడు "రిపోర్ట్" అని ఇద్దరు కొట్టిన ఫైళ్లు చూడటానికి ఒకటే, వెతికితే ఒకటే దొరుకుతుంది.

ఇలాంటిదే వెబ్ పేజీ నుంచో వర్డ్ నుంచో కాపీ చేసినప్పుడు వచ్చే విడిపోని ఖాళీ, అంటే పంక్తి అక్కడ విరగకుండా ఆపే స్పేస్. మ్యాక్ వాడేవాళ్లకు ఇంకొకటుంది. మ్యాక్ వెంచురా వెర్షన్ నుంచి 12 గంటల పద్ధతిలో స్క్రీన్‌షాట్ పేరులో సమయానికీ ఏఎం, పీఎంకీ మధ్య మామూలు ఖాళీ బదులు సన్నటి ప్రత్యేక ఖాళీ వస్తోంది. పేరు చూసి చేత్తో టైప్ చేస్తే ఫైలు దొరకదు. కొన్ని సైట్లు అప్‌లోడ్‌కూ ఒప్పుకోవు.

వీటిని పట్టుకోవడం ఇలా. పేరు మార్చే పెట్టెలోకి వెళ్లి, పేరు చివర నుంచి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారి నొక్కుతూ రండి. ప్రతి నొక్కుకూ ఒక గుణింతమో, పొల్లో, హల్లో పోవాలి. నొక్కినా తెరమీద ఏమీ మారలేదంటే అక్కడ కనిపించనిది ఉన్నట్టే. చూశాక ఎస్కేప్ నొక్కి బయటికి వచ్చేయండి, పేరు పాతదే ఉంటుంది. ఇంకా గట్టి రుజువు కావాలంటే పేరును మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో అతికించి, అనుమానమున్న చోట కర్సర్ పెట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. కర్సర్ ముందున్న గుర్తు తన యూనికోడ్ నంబరుగా మారిపోతుంది. 200సి అని వస్తే విడదీసే గుర్తు, 00ఏ0 అయితే విడిపోని ఖాళీ, 202ఎఫ్ అయితే ఆ మ్యాక్ ఖాళీ.

అన్నిచోట్లా 200సిని తీసిపారేయకండి, స్టీల్‌ప్లాంట్ పాడవుతుంది. పదం చివర, ఖాళీకి ముందు, చుక్కకు ముందు ఉన్నవి తీస్తే చాలు.

కైలాసగిరి ఎందుకు జంటయింది

స్టూడియో సంగతికి వద్దాం. ఐత్వం రెండు ముక్కల గుర్తు: పైన ఎత్వం, కింద ఇంకో చిన్న గుర్తు. యూనికోడ్‌లో దాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఐత్వమంతా ఒకే నంబరుగా, అంటే 0సి48. లేదా ఎత్వం 0సి46, కింది గుర్తు 0సి56 అని రెండుగా. చూపు ఒకటే, సరుకు వేరు. తెలుగు అక్షరాలన్నిటిలో ఇలా రెండు రూపాలున్నది ఐత్వం ఒక్కటే. అందుకే భీమిలికీ యారాడకూ రుషికొండకూ ఏమీ కాలేదు.

పెద్దాయన దగ్గర ఒక పాత మ్యాక్ ఉంది. మ్యాక్‌ల పాత డిస్కు పద్ధతి హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను ముక్కలుగా విడగొట్టి దాస్తుంది. కొత్తగా కొన్న విండోస్ కంప్యూటర్‌లో టైప్ చేస్తే ఐత్వం ఒకే ముక్కగా వస్తుంది. రెండింటి సరుకూ చేరేది లైనక్స్ నిల్వ పెట్టెలోకి, దానికి పేరంటే బైట్ల వరుస, అంతే. యూనికోడ్ నంబర్లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ఒక కైలాసగిరి 27 బైట్లు, ఇంకో కైలాసగిరి 30. పెట్టె దృష్టిలో ఆ రెండూ ఒకటి ఎలా అవుతాయి? మ్యాక్ నుంచి వచ్చిన ఫొటోలు 30 బైట్ల దాంట్లో ఉన్నాయి, విండోస్‌లోని బ్యాకప్ ప్రోగ్రాం 27 బైట్లది కొత్తగా పుట్టించి ఖాళీగా వదిలింది. యాపిల్ 2017లో తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పేరును ఇచ్చినట్టే ఉంచి, వెతికేటప్పుడు రెండు రూపాలనూ ఒకటిగా చూస్తుంది, కాబట్టి కొత్త మ్యాక్‌లో ఈ జంట పక్కపక్కన కనబడదు.

వైజాగ్, రైల్వే, డిజైన్, సైజు, ఆఖరికి ఫైల్, ఫైనల్ కూడా ఐత్వం ఉన్న మాటలే. మనం రోజూ పెట్టే పేర్లు ఇవే కదా.

మీకూ ఇలా జరిగితే ఏదీ చెరపొద్దు. రెండు ఫోల్డర్లకూ ముందు "1", "2" అని పేర్లు పెట్టండి. లోపలి ఫైళ్ల సంఖ్యా సైజూ పోల్చండి. అన్నీ ఒకదాంట్లోకి చేర్చాక, ఒకే కంప్యూటర్ మీద కూర్చుని తెలుగు పేరు మళ్లీ టైప్ చేయండి, అతికించొద్దు. వందల ఫోల్డర్లుంటే లైనక్స్‌లో కన్వ్‌ఎంవీ అనే ఉపకరణం ఉంది, ఎన్‌ఎఫ్‌సీ ఆప్షన్ ఇస్తే విడిపోయినవన్నీ కలిపి రాస్తుంది. అది మామూలుగా ఏం మారుస్తుందో చూపించి ఊరుకుంటుంది, నోటెస్ట్ అని కూడా చెబితేనే నిజంగా మారుస్తుంది. ముందు చూసుకోండి.

ప్రశ్న గుర్తులా, డిగ్రీ గుర్తులా

తెలుగు పేరు చెడి కనిపించినప్పుడు ఎలా చెడిందో గమనించండి. పేరు నిండా ° ± గుర్తులు చల్లినట్టుంటే గుండె దిటవు చేసుకోండి, సరుకు భద్రంగా ఉంది. తెలుగు యూటీఎఫ్-8 బైట్లను ఎవరో పాత పాశ్చాత్య పద్ధతిలో చదువుతున్నారంతే. పాత జిప్ ప్రోగ్రాములతో విప్పినప్పుడు కూడా పేర్లు ఇలాగే వేరే లిపి పిచ్చి గీతలుగా మారతాయి, 7-జిప్ లాంటి కొత్తదాంతో మళ్లీ విప్పి చూడండి. కోడ్ మార్పులను దాచే గిట్ వాడేవాళ్లకు వ అక్షరం \340\260\265 అని కనిపిస్తే అది చెడినట్టు కాదు, కోట్‌పాత్ అనే సెట్టింగ్ ఆపేస్తే తెలుగు వచ్చేస్తుంది.

పేరు ???? అయిపోతే మాత్రం ఆ మార్పిడిలో అక్షరాలు పోయాయి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తున్న పేజ్‌మేకర్ యూనికోడ్‌కు ముందు తరం ప్రోగ్రాం. అలాంటివి విండోస్ పాత కోడ్ పేజీల (ఒక్కో లిపికి ఒక్కో అక్షర పట్టిక) మీద ఆధారపడతాయి, తెలుగుకు విండోస్‌లో అలాంటి పాత కోడ్ పేజీ ఏనాడూ లేదు. ప్రతి తెలుగు గుర్తూ ? అవుతుంది. విండోస్‌లో ? నిషిద్ధం కాబట్టి ఫైలు దొరకలేదంటుంది. ఆ పని కోసం తీసిన కాపీకి ఇంగ్లిష్ పేరు పెట్టడం తప్ప వేరే మార్గం వెతకొద్దు.

నా పద్ధతి చెబుతాను. ఇంట్లో, సొంత డిస్కులో తెలుగు పేర్లే పెడతాను, వెతుక్కోవడం సులువు. ఫైలు గడప దాటేటప్పుడు, అంటే దరఖాస్తు పోర్టల్‌కో ప్రింటింగ్‌కో పంపేటప్పుడు, కాపీ తీసి చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, - లేదా _ తప్ప ఇంకేమీ లేని పేరు పెడతాను. ఒకసారి మా చెల్లి కౌన్సెలింగ్ సర్టిఫికెట్ ఎక్కించడానికి ఆఖరి రోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చున్నాం. సైట్ "ఎర్రర్" అని తప్ప కారణం చెప్పదు. పేరులో ఉన్న ఒక & తీసేయగానే ఎక్కేసింది.

చాలా ఫైళ్ల పేర్లు ఒకేసారి మార్చాలంటే విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో పవర్‌రీనేమ్ ఉంది, మార్చకముందే పాతా కొత్తా పక్కపక్కన చూపిస్తుంది. మ్యాక్‌లో ఫైళ్లన్నీ ఎంచుకుని కుడి క్లిక్ చేస్తే రీనేమ్ వస్తుంది. ఏది వాడినా ముందు ఫోల్డర్‌కు కాపీ తీయండి. వేరే ఫైళ్లలో ఈ పేర్లతో లింకులుంటే, ఎక్సెల్ షీట్లు, వీడియో ఎడిటింగ్ ప్రాజెక్టుల లాంటివి, అవి తెగుతాయి.

రుషికొండ, మధురవాడ ఐటీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

కోడ్ రాసేవాళ్లు ఈ భాగం చదవండి, మిగతావాళ్లు వదిలేయొచ్చు.

పేర్లను శుభ్రం చేసే కోడే తెలుగుకు మొదటి శత్రువు. పైథాన్ రెగెక్స్‌లో \ పక్కన డబ్ల్యూ అంటే అక్షరాలన్నీ వస్తాయని నమ్మి మిగతావి తీసేస్తారు. అందులో గుణింతపు గుర్తులూ పొల్లూ రావు. "విశాఖ" కాస్తా "వశఖ" అవుతుంది. జావాస్క్రిప్ట్‌లో అసలు హల్లులూ మిగలవు. వెర్క్‌జాయిగ్ లైబ్రరీలోని సెక్యూర్ ఫైల్‌నేమ్ ఫంక్షన్ ఇంగ్లిష్ కానివన్నీ తీసేస్తుంది. తెలుగు పేరున్న పీడీఎఫ్ ఏది ఇచ్చినా మిగిలేది "పీడీఎఫ్" అనే తోక మాటే. అలా వచ్చిన పేరుతోనే దాచితే రెండో మనిషి ఫైలు మొదటి మనిషి ఫైలు మీద కూర్చుంటుంది. పరీక్షలన్నీ ఇంగ్లిష్ పేర్లతో చేస్తారు కాబట్టి ఆఫీసులో ఎవరికీ కనబడదు.

అందుకని డిస్కు మీద ఫైలును మీరు పుట్టించిన ఐడీతో దాచండి, వాడుకరి ఇచ్చిన పేరును డేటాబేసులో ఉన్నదున్నట్టు ఉంచండి. రెండు పేర్లు పోల్చే ముందు రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి తెండి. బయటి ప్రోగ్రాంను పిలిచేటప్పుడు ఆజ్ఞను ఒకే వాక్యంగా అతికించకుండా పేరును విడి ఆర్గ్యుమెంటుగా పంపండి. పొడవును అక్షరాల్లో కాక బైట్లలో కొలవండి. లైనక్స్‌లో హద్దు 255 బైట్లు, అంటే తెలుగులో 85 గుర్తులే, ఒక పెళ్లి ఫోల్డర్ పేరు దాన్ని దాటగలదు. కత్తిరించాల్సి వస్తే 3 బైట్ల గుర్తును మధ్యలో నరకొద్దు.

ఒక పరీక్ష ఫోల్డర్ పెట్టుకోండి. అందులో రెండు రూపాల కైలాసగిరి, చివర 200సి ఉన్న రిపోర్ట్, "50% ఆఫర్ #1 & 2", మొదట్లో - ఉన్న పేరు, చివర చుక్కున్న "ప్రై. లి.", 85 గుర్తుల పొడుగు పేరు ఒకటి. విండోస్ కొన్నిటిని పెట్టనివ్వదు, లైనక్స్ మీద తయారు చేయండి. కొత్త వెర్షన్ బయటికి పంపే ముందు అన్నిటినీ ఎక్కించి, దింపి, చెరిపి చూడండి. రెండు కైలాసగిరిలూ ఎక్కి, ఏది చెరిపితే అదే చెరిగిందంటే మీ కోడ్ పేర్లను సరిగ్గా పట్టుకుంటున్నట్టే.